కర్జకాన్ తీరాన రాజేశం చూసిన పెంగ్విన్లు

బహ్రెయిన్‌లో పెంగ్విన్లు ఉన్నాయని ఎవరైనా చెబితే మీరేం చేస్తారో గానీ, నేను మాత్రం పడకా పొయ్యీ ఉన్న వ్యాను అద్దెకు తీసుకున్నాను. నవ్వకండి. ఎనిమిదేళ్ళుగా ఈ దీవిలో ఉంటున్నాను. సెలవు దొరికితే చాలు, పిట్టల వెంట పడి తిరుగుతాను, తిరిగినవన్నీ ఇక్కడ రాస్తుంటాను. మా బిల్డింగ్‌లో అందరికీ నేను ‘పిట్టల మేడం’నే. ఈ గోరువెచ్చని సముద్రంలో పెంగ్విన్లు ఉండవని నాకు తెలియక కాదు. కానీ ఒక మనిషి నా కళ్ళారా చూశానని చెబుతుంటే, మరి ఆయన చూసిందేమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది కదా! ఆ ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆ మనిషి పేరు రాజేశం. జగిత్యాల దగ్గర పల్లెటూరు. మా పక్క ఫ్లాట్‌లో టైల్స్ వేయడానికి వచ్చిన మేస్త్రీ. నేను మా చెల్లితో ఫోన్లో గొంతెత్తి మాట్లాడుతుంటే విని, తలుపు దగ్గర ఆగి, “మేడం, మీరు తెలుగోళ్ళా?” అని పలకరించాడు. టీ ఇచ్చి, పిట్టల గురించి రాస్తుంటానని చెప్పాను. గోడల నిండా నేను తీసిన పిట్టల ఫొటోలు చూసి కాసేపు తటపటాయించాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, “గివేం పిట్టలో జర చెప్పుండ్రి మేడం” అంటూ ఒక వీడియో చూపించాడు.

పద్నాలుగు సెకన్ల వీడియో. వాన పడుతోంది. సముద్రం, ఆకాశం ఒకే బూడిదరంగులో ఉన్నాయి. దూరంగా సన్నటి ఇసుక దిబ్బ మీద నల్లటి పిట్టలు వందల్లో, ప్రార్థనకు నిలబెట్టిన బడిపిల్లల్లా, నిటారుగా వరసలు కట్టి నిలబడ్డాయి. వెనక రాజేశం గొంతు: “సహస్రా, సూడు బిడ్డా, పెంగ్విన్లు! మస్తుగున్నయ్ గదా!” ఎక్కణ్ణుంచో ఎవరో “యల్లా, యల్లా!” అని, పద పదమంటూ అరుస్తున్నారు. “వస్తున్న భాయ్, వస్తు...” అని రాజేశం అంటుండగానే వీడియో తటాలున ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, మొదటి చూపుకి నాకూ పెంగ్విన్లలాగే కనిపించాయి. మొత్తం ఇంతేనా అని అడిగితే, “నా ఫోన్ నిండిపోతే అసలుది తీసేసిన. మొన్న ఇంటికెల్లి మల్ల పంపిండ్రు, గింతే ఉన్నది” అన్నాడు.

కథంతా అప్పుడు చెప్పాడు. కర్జకాన్ దగ్గర ఒక విల్లాకు ప్రహరీ పని చేస్తున్నప్పుడు తీసిన వీడియో అది, అందులో అరుస్తున్నది వాళ్ళ ఫోర్మెన్. ఊళ్ళో ఆరో తరగతి చదువుతున్న కూతురికి పంపాడు. సహస్ర దాన్ని తరగతిలో చూపించి, “మా బాపు దుబాయిల పెంగ్విన్లను సూసిండు” అని చెప్పిందట. వాళ్ళ వైపు గల్ఫ్ అంతా దుబాయే, బహ్రెయిన్ అంటే ఎవరికీ పట్టదు. టీచరు నవ్వి, దుబాయిలో ఉంటే గింటే ఏ మాల్ లోపలో మంచుగదిలో ఉంటాయి గానీ బయట వానలో నిలబడవు అన్నదట. ఇంకేముంది, పిల్లలు అందుకున్నారు. సహస్రను పేరు పెట్టి పిలవడం మానేసి ‘పెంగ్విన్’ అంటున్నారు. “మా బాపు అబద్ధం జెప్పడు” అని ఒకరిద్దరితో జుట్టు జుట్టు పట్టుకుందట కూడా.

“పది రోజులైతుంది మేడం, నాతోని మాట్లాడతలేదు. వాళ్ళమ్మ ఫోనిస్తే హోంవర్కున్నదని లోపటికి పోతది. రెండున్నరేండ్లాయె నేను ఇంటికి పోక. నేను దానికి పంపేది గీ ఫోన్ల మాటే గదా. గా మాట సుత అబద్ధమని అనుకుంటే ఇగ నాకేముంటది?” అని తల వంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. “మీరు రాసేది టీచర్లు సుత చదువుతరంట గదా. ఇవి పెంగ్విన్లే అని ఒక్క లైను రాయుండ్రి. నా బిడ్డ తలెత్తుకుంటది.”

“ముందు వెళ్ళి చూద్దాం రాజేశం గారూ, తర్వాత రాద్దాం” అన్నాను. “గారు గీరు వద్దు మేడం” అని సిగ్గుపడ్డాడు. ఆయనకు సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ వారమంతా వానలని ఫోను చెబుతోంది. మా ఆయన మాత్రం, “లేని పెంగ్విన్ల కోసం వానలో పిక్నిక్కా! నీతో పెళ్ళయ్యాక నాకు విసుగన్నదే తెలియలేదు పద్మా” అన్నారు. దాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

వ్యాను తుబ్లీలో దొరికింది. అక్కడి వర్క్‌షాపుల్లో ఒక పంజాబీ భాయ్ పాత మినీ వ్యాను సీట్లు పీకేసి, వెనక ప్లైవుడ్ మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ళ డ్రమ్ము అమర్చి చలికాలంలో అద్దెకిస్తాడు. రోజుకు ఇరవై అయిదు దినార్లు, పెట్రోలు మనదే. శుక్రవారం పొద్దున్న ఆరింటికి వెళ్ళేసరికి తుబ్లీ వీధులన్నీ చెరువులు. ఇక్కడ నాలుగు చినుకులు పడితే చాలు, నీళ్ళు పోయే దారి ఉండదు, ట్యాంకర్లు వచ్చి తోడుకుపోవాల్సిందే. భాయ్ తాళాలిస్తూ మా ఆయనతో, “బారిష్ మే రేత్ పే మత్ జానా, సాబ్” అని రెండుసార్లు చెప్పాడు. వానలో ఇసుక మీదికి వెళ్ళొద్దని. మా ఆయన రెండుసార్లూ బుద్ధిగా తలూపారు.

ఆ నీళ్ళు దాటుకుని ఏడున్నరకి రాజేశాన్ని వాళ్ళ లేబర్ క్యాంపు గేటు దగ్గర ఎక్కించుకున్నాం. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, చేతిలో స్టీలు డబ్బా. పెళ్ళికి వెళ్ళేవాడిలా తయారయ్యాడు. డబ్బాలో కోడిగుడ్డు కూర, రాత్రి డ్యూటీ అయ్యాక వండానన్నాడు. రోడ్డు పక్క దుకాణం ముందు ఆగి హారన్ కొడితే, వానలోనే గొడుగు పట్టుకొచ్చి మూడు చిక్కటి కరక్ చాయ్‌లు అందించారు, ఆరు వందల ఫిల్సు, వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు. బేకరీలో పొయ్యి గోడకు అప్పుడే అంటించి తీసిన రొట్టెలు మరో రెండు వందలు. ఇక రిఫా మీదుగా సఖీర్ వైపు. సెలవురోజు పొద్దున్న కాబట్టి అరగంట కూడా పట్టదు.

నేరుగా కర్జకాన్ ఉన్న పడమటి తీరానికి పోవచ్చు. కానీ పాటు సమయం చూసుకున్నాను, సముద్రం బాగా వెనక్కి తగ్గేది పదింటికి. ఆ దిబ్బ అప్పుడే పైకి తేలుతుందని, రెండు మూడు గంటల్లో మళ్ళీ మునిగిపోతుందని రాజేశం చెప్పాడు. ప్రహరీ కట్టిన నెల రోజులూ పని మధ్యలో రోజూ ఓ చూపు చూశాడాయె. బోలెడు సమయముందని సఖీర్ ఎడారిలో ఆగి ఫలహారం చేద్దామన్నారు మా ఆయన. చలికాలమంతా ఇక్కడ బహ్రెయినీలు గుడారాలు వేసుకుని కాపురం పెడతారు. ఆ రోజు వానకి గుడారాలన్నీ నీళ్ళు కారుతూ, మనుషులు బళ్ళల్లోనే ముడుచుక్కూర్చున్నారు. “ఆ గట్టు మీద నుంచి చూస్తే ఎంత బాగుంటుందో” అంటూ మా ఆయన తారు రోడ్డు దించారు. “ఏవండీ, భాయ్ ఏం చెప్పాడు?” అని నేను అంటుండగానే వెనక చక్రం జర్రున తిరిగి, కిందికి దిగి, కూర్చుండిపోయింది.

పైన ఇసుకే గానీ కింద ఉప్పుబురద. గేరు మార్చినకొద్దీ లోతుకి దిగుతోంది. టైము ఎనిమిదిన్నర. నేను మా ఆయన మీద అరిచాను, ఆయన వాన మీద అరిచారు. రాజేశం ఇస్త్రీ చొక్కా విప్పి మడిచి సీటు మీద పెట్టి, బనీనుతో దిగాడు. చుట్టూ తిరిగి చూసి, “సారూ, ఇంజిన్ బందు జేయుండ్రి. గింత గాలి తియ్యాలె టైర్లకెల్లి. మేడం, మంచం ఇయ్యుండ్రి” అన్నాడు. మంచమేమిటని నేను తెల్లబోయి చూస్తుంటే, తనే వెనకెక్కి పరుపు పక్కకు నెట్టి ప్లైవుడ్ పలక ఊడదీశాడు. చేతులతోనే బురద తీసి, పలకను చక్రం కిందికి వాలుగా దూర్చాడు. “యల్లా సారూ, మెల్లగ... మెల్లగ... ఖలాస్!” బండి ఒక్క ఊపున బయటపడింది. అయినా ముప్పావుగంట పోయింది. బురద మనిషైపోయాడు రాజేశం. డ్రమ్ములో నీళ్ళతో చేతులు కడుక్కుంటూ టైము ఎంతని నాలుగుసార్లు అడిగాడు. ఒక్కసారి కూడా మా ఆయనను తప్పుపట్టలేదు. నాకైతే సిగ్గేసింది. పెట్రోలు బంకులో టైర్లకి గాలి పట్టించి, తినాల్సిన రొట్టెలు బండిలోనే నమిలి, పడమటి రోడ్డు పట్టాం.

కర్జకాన్ చేరేసరికి పది దాటింది. ఊరి ఖర్జూరం తోటలు దాటి సన్నటి దారి సముద్రం వైపు పోతుంది, అక్కడ చేపలవాళ్ళ పడవలు ఒడ్డుకు లాగి ఉంటాయి. బండి తారు మీదే ఆపించాను, నా మీద ఒట్టు పెట్టించి మరీ. వాన సన్నబడింది. రాజేశం తాను కట్టిన ప్రహరీ చూపించి, దాన్ని ఆనుకుని గబగబా ముందు నడిచాడు. గోడ మలుపు తిరగగానే ఆగి చెయ్యెత్తాడు. “అగో మేడం!”

ఉన్నాయి. వీడియోలో ఉన్నట్టే, అంతకంటే ఎక్కువే. తెల్లటి దిబ్బ మీద నల్లటి వరసలు, తలలన్నీ గాలి వచ్చే వైపుకి. కొన్ని అటూ ఇటూ నడుస్తున్నాయి, ఆ నడక చూస్తే నవ్వొస్తుంది, అచ్చం పెంగ్విన్ నడక. రాజేశం నా మొహంలోకి చూస్తున్నాడు, పిట్టల వైపు కాదు. నేను బైనాక్యులర్స్ పెట్టుకున్నాను. పొడుగాటి మెడ, కొస వంగిన సన్నటి ముక్కు. తెలిసిపోయింది. నీటికాకులు. మన చెరువుల్లో కనిపించేవాటి బంధువులే గానీ పెద్దవి. సకోత్రా నీటికాకులంటారు. ఇక్కడికి దక్షిణంగా హవార్ దీవుల్లో గూళ్ళు పెట్టి, చలికాలంలో ఈ తీరమంతా తిరుగుతాయి.

బైనాక్యులర్స్ దించలేదు. దించితే ఆయనకు ఏదో ఒకటి చెప్పాలి. దాచడమెందుకు, ఆ క్షణంలో నాకు అబద్ధం చెప్పాలనిపించింది. ఇంత దూరం నుంచి, ఈ మసక వెలుగులో ఒక ఫొటో తీసి, ‘పెంగ్విన్లు’ అని రాస్తే జగిత్యాల దగ్గరి పల్లెలో ఎవరు కాదంటారు? ఆ పిల్ల తలెత్తుకుంటుంది, తండ్రితో మాట్లాడుతుంది. పోయేదేముంది, పిట్టల మేడంగా నా పరువు తప్ప!

ఇంతలో పక్కన పడవలోని నీళ్ళు తోడుతున్న ముసలాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. బహ్రెయినీ, ఇక్కడి పెద్దవాళ్ళలో చాలామందికి లాగే హిందీ తెలిసినవాడు. రాజేశం ఆశగా, “బాబా, యే పెంగ్విన్ హై నా?” అని అడిగాడు. ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “పెంగ్విన్ నహీ, చోర్ హై చోర్! మేరా సబ్ మచ్ఛీ ఖాతా!” అన్నాడు. దొంగలట, ఆయన చేపలన్నీ తినేస్తున్నాయట. అరబ్బీలో వాటి పేరేదో చెప్పాడు గానీ నాకు సరిగ్గా పట్టుబడలేదు. ఎంత లోతుకైనా మునిగి చేపను పట్టుకొస్తాయని చేతులతో చూపించి, దిబ్బ వైపు తిరిగి గట్టిగా చప్పట్లు చరిచాడు.

అన్నీ లేచాయి. ముందు ఒక అంచున నాలుగు, తర్వాత చాప చుట్టినట్టు దిబ్బంతా. నీళ్ళ మీద పరిగెత్తి, బరువుగా రెక్కలు కొట్టుకుని, నీటికి జానెడు ఎత్తున ఒకదాని వెనక ఒకటి బారులు తీరి దక్షిణానికి పోయాయి. ఒక బారు అయిపోయిందనుకుంటే ఇంకొకటి. నేను ఒక చేత్తో వీడియో తీస్తూనే ఉన్నాను. ఎన్నేళ్ళుగా తిరుగుతున్నా ఇన్ని పిట్టలు ఒక్కసారి లేవడం నేనెప్పుడూ చూడలేదు. అబ్బ, ఎంత బాగున్నాయో! కాసేపు రాజేశాన్నే మరిచిపోయాను. తిరిగి చూస్తే ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“పెంగ్విన్లు ఎగరయి గదా మేడం” అన్నాడు.

“ఎగరవు” అన్నాను. తెలిసిందంతా చెప్పాను. నీటికాకి అని వినగానే తల కొట్టుకున్నాడు. “మా ఊర్ల చెరువుకాడ సూస్త నేను గవి! గింత పెద్దగుంటయని ఎర్కలే. గిట్ల లైనుగ నిలబడంగ ఎన్నడు సూడలే” అన్నాడు. నేను ఇంకొకటి కూడా చెప్పాను. ఈ రకం అరేబియా చుట్టుపక్కల సముద్రాల్లో తప్ప ఇంకెక్కడా గూడు పెట్టదు, పెంగ్విన్లనైతే జూలో చూడొచ్చు గానీ వీటిని చూడాలంటే సహస్ర వాళ్ళ టీచరైనా సరే ఇక్కడికి రావాల్సిందే అని. కొంచెం నవ్వాడు. “మరి ఆ ఒక్క లైను... ఏం రాయమంటారు?” అని భయంభయంగానే అడిగాను. ఏం చెప్పినా రాసేట్టున్నాను ఆ పూట.

“వద్దు మేడం. మీరు రాసేది ఎట్లుంటె అట్లనే రాయుండ్రి. నేనే జెప్త దానికి” అన్నాడు. నేను తీసిన వీడియో ఆయన ఫోనుకి పంపాను. ఆయన కొంచెం దూరం పోయి, వీపు మావైపు పెట్టి, మెసేజ్ చెప్పడం మొదలుపెట్టాడు. మూడుసార్లు చెప్పి మూడుసార్లు తీసేశాడు. నాలుగోసారి గాలికి మాటలు నా దాకా వచ్చాయి. “బిడ్డా సహస్రా, బాపును. గవి పెంగ్విన్లు గావు. నేనే తప్పు జెప్పిన. సూడు, ఎగురుతున్నయ్. నీటికాకులు. అబద్ధం జెప్పలేదు బిడ్డా, ఎర్క లేక జెప్పిన. నీ తప్పేం లేదని టీచరమ్మకు నేను ఫోన్ జేసి జెప్త.” పంపేసి ఫోను జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. మన దేశంలో అప్పటికి ఒంటిగంట దాటి ఉంటుంది, పిల్ల బడిలో ఉంటుంది. ఫోను వాళ్ళమ్మ దగ్గర.

వాన మళ్ళీ పట్టుకుంది. వ్యాను వెనక తలుపు పైకెత్తి, దాని కింద పొయ్యి పెట్టి అన్నం వండాను. బురదైన మంచం పలకను వానకే వదిలేశాం, అదే కడుక్కుంటుందని. ముసలాయనను పిలిస్తే రెండు చేపలు పట్టుకుని వచ్చాడు, అక్కడే కోసి వేయించాం. రాజేశం కోడిగుడ్డు కూర అమోఘం, ఎల్లిపాయ కారం తగిలించి వండాడు. అందరం తింటున్నాం, ఆయన మాత్రం కలుపుతున్నాడు గానీ ముద్ద ఎత్తట్లేదు. రెండున్నరకు, అంటే అక్కడ అయిదింటికి, ఫోను టింగుమంది. “నా చేతులు కూరయినయ్, మీరే ఒత్తుండ్రి మేడం” అన్నాడు. చెయ్యి కడుక్కోవచ్చు, డ్రమ్ము పక్కనే ఉంది. ఒత్తలేకపోయాడు, అంతే. నేను నొక్కాను.

“బాపూ, నాకు ఎర్కనే” అంది సహస్ర. సన్నటి గొంతు, గబగబా మాట్లాడుతోంది. “నువ్వు పంపినప్పుడే ఎర్క. ఆఖరుకు నువ్వు ఫోర్మెన్ దిక్కు తిరిగినవ్ సూడు, గప్పుడు మూలకెల్లి ఒకటి ఎగిరింది. నువ్వు సూడలే. నువ్వు పెంగ్విన్లన్నవ్ గదా, మల్ల టీచర్ సూస్తె నిన్ను నవ్వుతదని, అమ్మ ఫోన్ల గా ముక్క కట్ జేసిన. అయినా నవ్విండ్రు. నువ్వడిగితే ఏం జెప్పాలె అని ఫోన్ల మాట్లాడలే. కోపం లేదు బాపూ.” తర్వాత, “బాపూ, అవి నీళ్ళల్ల ఎంత లోతుకు మునుగుతయ్?”

రాజేశం కంచం కింద పెట్టేశాడు. వానలోకి నడిచి గోడ దాకా పోయి అక్కడే నిలబడ్డాడు. మా ఆయన లేవబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపాలని కూడా అనిపించలేదు. తెలుగు రాని ముసలాయన మా మొహాలు మార్చి మార్చి చూసి, రాజేశం కంచంలో ఇంకో చేపముక్క వేశాడు. అయిదు నిమిషాలకి రాజేశం తిరిగొచ్చి, మొహం తుడుచుకుని, ముసలాయనను మొదట అడిగింది ఆ లోతు సంగతే. ఆయన లేచి నిలబడి, తన ఎత్తును ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, ఇంకా, ఇంకా అని చెయ్యి ఊపాడు. రాజేశం ఫోనెత్తాడు. “నాలుగైదు మనుషుల లోతుకైనా పోతయంట బిడ్డా. ఇంకోటి. బాపు తప్పు జెప్తే తప్పని జెప్పు. కట్ జెయ్యకు.” ఆ తర్వాత కూర్చుని కడుపునిండా తిన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఆయనను క్యాంపు దగ్గర దింపి, తుబ్లీలో వ్యాను అప్పగించాం. మంచం పలక చూసి భాయ్ మా ఆయన వైపు ఒక చూపు చూశాడు. ఇప్పుడు ఇదంతా రాస్తుంటే ఒక సంగతి నన్ను వదలట్లేదు. కూతురు తనను నమ్మట్లేదని రాజేశం పది రోజుల పైనే కుమిలిపోయాడు. అక్కడ ఆ పదకొండేళ్ళ పిల్ల నాన్న మాట నిలబెట్టడానికి ఎనిమిది సెకన్లు కోసేసి, దాన్ని మోయలేక ఫోనుకి దూరంగా పారిపోయింది. పిట్టలు చూసేదాన్నని పేరు పెట్టుకున్న నేను ఆ వీడియో ఇరవైసార్లు చూసి కూడా, మాట మధ్యలో ఎందుకు ఆగిందని ఒక్కసారీ అడగలేదు. సహస్ర నిన్న పూర్తి వీడియో పంపింది, తరగతిలో కూడా ఈసారి అదే చూపించిందట. ఇరవై రెండు సెకన్లు. “వస్తున్న భాయ్, వస్తున్న” అని రాజేశం అటు తిరిగాక, కుడి మూల నుంచి ఒక నల్లటి పిట్ట లేచి, తీరిగ్గా తెర దాటి వెళ్ళిపోతుంది.

మీరు కర్జకాన్ వెళ్ళదలిస్తే ఒక్క సలహా. పాటు సమయం చూసుకుని, నీళ్ళు మళ్ళీ ఎక్కకముందే తీరం చేరండి, బండి తారు దించకండి. పిట్టలు కనిపించగానే ఫోనుతో తీసేసి తిరిగి రాకండి, ఒకటైనా రెక్కలు విప్పేదాకా అక్కడే ఉండండి. ఎవరు ఎన్నిసార్లు యల్లా అన్నా సరే.